ఇంటి కంప్యూటరు నుండి ప్రత్యక్ష ప్రసారం - శబ్ద పరికరాల ఎంపిక

ఇంట్లోని కంప్యూటరు నుండి అంతర్జాలం ద్వారా పాఠం, కచేరీ, పూజ, ప్రసంగం వంటి కార్యక్రమాలను అవి జరుగుతున్న సమయంలోనే శ్రోతలకు అందించడాన్ని ప్రత్యక్ష ప్రసారం అంటారు. వాడుకలో దీనిని "లైవ్" అని పిలుస్తారు. ఇందుకు కావలసిన శబ్ద పరికరాలలో మైక్రోఫోను, దానిని కంప్యూటరుకు కలిపే సాధనం, హెడ్‌ఫోను, మైకు స్టాండు, తీగలు ముఖ్యమైనవి. శబ్దాన్ని నియంత్రించే సాఫ్ట్‌వేరు, కార్యక్రమం జరిగే గది కూడా ఈ ఏర్పాటులో భాగాలే. చిత్రం కొంత మసకగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకొంటారు. మాట తెలియకపోతే మాత్రం కార్యక్రమం వృథా అవుతుంది. అందువలన పరిమితమైన డబ్బుతో ఏర్పాటు చేసుకొనేవారు కెమెరా కంటే ముందుగా శబ్దంపై ఖర్చు చేయడం మంచిది.

పరికరాల ఎంపిక వాటి ధరకంటే మూడు విషయాలపై ఎక్కువగా ఆధారపడుతుంది. అవి గది స్వభావం, నోటికి మైకుకు మధ్య దూరం, ప్రసారం చేసే శబ్దం ఏ రకమైనది అన్న విషయం. ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమ ప్రాంతపు ఇళ్ళు, వాతావరణం, అక్కడ జరిగే వేద, సంగీత పాఠాలు ఈ విషయాలను వివరించడానికి తగిన ఉదాహరణలు.

నేపథ్యం

కోనసీమ గోదావరి నదీపాయలకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్న డెల్టా ప్రాంతం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇక్కడి ముఖ్య పట్టణాలు. పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. అదే సంవత్సరం దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టారు. కోనసీమ అగ్రహారాలు వేదాధ్యయనానికి పేరుపొందాయి. గోదావరి డెల్టాలోని వేదపండితుల కుటుంబాల గురించి అమెరికా పరిశోధకుడు డేవిడ్ నైప్ రచించిన "వేదిక్ వాయిసెస్" అనే గ్రంథం 2015లో వెలువడింది. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించి, 2008లో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఆ తరువాత అనేక దశాబ్దాలపాటు ఈ ప్రాంతపు పండితుడు గాని, గాయకుడు గాని దూరప్రాంతాల వారికి వినిపించాలంటే రేడియో కేంద్రానికి ప్రయాణం చేయవలసి ఉండేది. అక్కడ శబ్దం కోసం కట్టిన గది, మంచి మైకులు, వాటిని నడిపే ఇంజనీర్లు ఉండేవారు. 2016లో చవకైన 4జీ మొబైల్ సేవలు రావడంతోను, ఆ తరువాత పల్లెలకు ఫైబర్ తీగలు చేరడంతోను ఇంటినుండే ప్రసారం చేయడం సాధ్యమయింది. కోవిడ్ వ్యాప్తి వలన 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయినప్పుడు సంగీత, వేద పాఠాలు పెద్దఎత్తున అంతర్జాలానికి మారాయి. విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు స్వదేశంలోని గురువుల వద్ద ఈ పద్ధతిలో నేర్చుకోవడం లాక్‌డౌన్ ముగిసిన తరువాత కూడా కొనసాగింది. అయితే రేడియో కేంద్రంలో ఇంజనీరు చేసే పనిని ఇంట్లో గురువు గాని, ఇంటివారు గాని స్వయంగా చేసుకోవలసి వస్తుంది.

శబ్దం ప్రయాణించే మార్గం

నోటినుండి లేదా వాద్యం నుండి వెలువడిన శబ్దం గాలిలో ప్రయాణించి మైకును చేరుతుంది. మైకు దానిని అతి స్వల్పమైన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని పెంచే భాగాన్ని ప్రీయాంప్లిఫయరు అంటారు. పెరిగిన సంకేతాన్ని మరొక భాగం అంకెల రూపంలోకి మారుస్తుంది. ప్రసార సాఫ్ట్‌వేరు ఈ అంకెలను కుదించి అంతర్జాలంలోకి పంపుతుంది.

ఈ మార్గంలో ఒక దశలో పోయిన గుణాన్ని తరువాతి దశ పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. గదిలోని ప్రతిధ్వని ఒకసారి మైకులో పడిన తరువాత ఎంత ఖరీదైన యంత్రమైనా దానిని మాటనుండి శుభ్రంగా విడదీయలేదు. కనుక ఎంపికను గదితో మొదలుపెట్టి, తరువాత మైకు, ఆ తరువాత కంప్యూటరు సాధనం అనే వరుసలో సాగించాలి.

గది

కోనసీమలో మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు, కాంక్రీటు డాబాలు మూడూ కనిపిస్తాయి. ప్రసారానికి వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇబ్బంది ఉంది.

* మండువా ఇల్లు: మధ్యభాగం ఆకాశానికి తెరచి ఉండడం వలన పక్షుల కూతలు, వీధి చప్పుళ్ళు, దూరపు మైకుల పాటలు లోపలికి వస్తాయి. మండువాకు దూరంగా, తలుపులు వేసుకోగల గదిని ఎన్నుకోవాలి.
* పెంకుటిల్లు, రేకుల ఇల్లు: మామూలు రోజులలో ప్రతిధ్వని తక్కువగానే ఉన్నా, వానాకాలంలో కప్పుపై పడే చినుకుల చప్పుడు మాటను ముంచివేస్తుంది. ఈ చప్పుడు అన్ని స్థాయిలలోను వ్యాపించి ఉంటుంది గనుక సాఫ్ట్‌వేరు దానిని తొలగించే ప్రయత్నంలో మాటను కూడా కొంత తినివేస్తుంది.
* డాబా ఇల్లు: నున్నని గోడలు, పలకల నేల, ఖాళీ గది కలిసి ప్రతిధ్వనిని పెంచుతాయి. చేతులు గట్టిగా చరిచినప్పుడు గింగురుమనే శబ్దం వినిపిస్తే ఆ గది మాటలకు పనికిరాదని గ్రహించవచ్చు.

ప్రతిధ్వనిని తగ్గించడానికి ప్రత్యేక సామగ్రి కొనవలసిన అవసరం సాధారణంగా ఉండదు. పరుపులు, బొంతలు, బట్టలతో నిండిన తెరచిన బీరువా, మందపాటి తెరలు శబ్దాన్ని పీల్చుకొంటాయి. మాట్లాడే వ్యక్తి వెనుక ఒకటి, మైకు వెనుక ఒకటి చొప్పున రెండు బొంతలు వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. కోనసీమలో విరివిగా లభించే కొబ్బరి పీచుతో చేసిన మందపాటి పలకలు కూడా ఇందుకు పనికివస్తాయి. వాటిని గోడకు ఆనించకుండా కొంత ఖాళీ వదలి అమర్చితే గుణం పెరుగుతుంది. పలుచని తుంగచాప వలన ప్రయోజనం స్వల్పం. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించే పద్ధతి ప్రచారంలో ఉన్నా దాని ఫలితం నామమాత్రమే. పైగా అవి తేలికగా నిప్పు అంటుకొనే వస్తువులు.

సీలింగు ఫ్యాను మరొక సమస్య. దాని గాలి మైకుపై పడి గరగరమనే శబ్దాన్ని కలిగిస్తుంది. ఎండాకాలంలో ఫ్యాను లేకుండా గంటసేపు పాఠం చెప్పడం కష్టం కాబట్టి, గాలి మైకుకు నేరుగా తగలకుండా పక్కనుండి వచ్చేలా స్టాండు ఫ్యానును దూరంగా ఉంచి, మైకుకు స్పాంజి తొడుగు వేయడం అనువైన పద్ధతి.

మైక్రోఫోను రకాలు

డైనమిక్ మైకు

ఇందులో పలుచని పొరకు అంటుకొని ఉన్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదలడం వలన విద్యుత్తు పుడుతుంది. దీనికి బయటినుండి విద్యుత్తు అవసరం లేదు. తేమను, చిన్నపాటి దెబ్బలను తట్టుకొంటుంది. సభలలోను, గుడులలోను సాధారణంగా కనిపించే చేతిమైకులు ఎక్కువగా ఈ రకానివే. 1966లో వచ్చిన షూర్ సంస్థ ఎస్ఎం58 నమూనా ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధి చెందింది. భారతదేశంలో అహూజా సంస్థ మైకులు మైకుసెట్టు దుకాణాలలో విరివిగా కనిపిస్తాయి. డైనమిక్ మైకు దగ్గరి శబ్దాన్ని బాగా గ్రహించి దూరపు శబ్దాన్ని తక్కువగా గ్రహించేలా వాడుకోవచ్చు. కనుక చప్పుళ్ళున్న ఇంటికి ఇది తగినది. దీని సంకేతం బలహీనంగా ఉండడం వలన మంచి ప్రీయాంప్లిఫయరు అవసరమవుతుంది.

కండెన్సరు మైకు

దీనిని 1916లో అమెరికాలోని బెల్ సంస్థలకు చెందిన ఇ.సి. వెంటె రూపొందించాడు. ఇది సూక్ష్మమైన శబ్దాలను కూడా స్పష్టంగా గ్రహిస్తుంది. వీణ మీటులోని నాదం, గమకాల చివరి భాగం దీనిలో బాగా వినిపిస్తాయి. అయితే పక్కగదిలోని మిక్సీని, వీధిలోని ఆటోను కూడా ఇది అంతే శ్రద్ధగా గ్రహిస్తుంది. ఇది పనిచేయడానికి మైకు తీగ ద్వారానే 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. దీనిని ఫాంటమ్ పవర్ అంటారు. గదిని ముందుగా సరిచేయకుండా కండెన్సరు మైకు కొనడం ఇంటి ప్రసారాలలో తరచుగా జరిగే పొరపాటు.

కాలరు మైకు

చొక్కాకు గాని, కండువాకు గాని తగిలించుకొనే చిన్న మైకును కాలరు మైకు అంటారు. వీటిలో ఎక్కువభాగం ఎలక్ట్రెట్ రకానికి చెందినవి. ఈ రకాన్ని 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనుగొన్నారు. తక్కువ ధరలో దొరకడం, నోటినుండి దూరం మారకపోవడం దీని లాభాలు. పూజ చేయించే పురోహితుడు, వంట చేస్తూ మాట్లాడే వ్యక్తి వంటి రెండు చేతులూ పనిలో ఉండేవారికి ఇది అనుకూలం. ఇవి సాధారణంగా అన్నివైపుల శబ్దాన్నీ గ్రహిస్తాయి. పట్టుబట్టల రాపిడి, రుద్రాక్షమాల తగలడం వలన చప్పుడు వస్తుంది కనుక మైకును బట్ట మడతకు పైన, మాలకు దూరంగా బిగించాలి.

యు.ఎస్.బి. మైకు

మైకు, ప్రీయాంప్లిఫయరు, అంకెలుగా మార్చే భాగం ఒకే పెట్టెలో ఉండేదానిని యు.ఎస్.బి. మైకు అంటారు. నేరుగా కంప్యూటరుకు తగిలించవచ్చు. ఒక వ్యక్తి మాత్రమే మాట్లాడే ప్రసారానికి ఇది సులువైన మార్గం. రెండవ మైకు అవసరమైనప్పుడు మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. రెండు యు.ఎస్.బి. మైకులను ఒకే కంప్యూటరుకు తగిలిస్తే వాటి కాలగతులలో స్వల్ప తేడా ఏర్పడి, చాలాసేపు సాగే కార్యక్రమాలలో శబ్దాలు ఒకదానికొకటి తప్పుతాయి. ముందుముందు మృదంగం, వయొలిన్ చేర్చే ఆలోచన ఉన్నవారు మొదటినుండే ఆడియో ఇంటర్‌ఫేసును ఎంచుకోవడం మేలు.

దిశ, దూరం

ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా, వెనుకవైపు శబ్దాన్ని తక్కువగా గ్రహించే మైకును కార్డియాయిడ్ మైకు అంటారు. దాని వీపు ఎటు ఉంటే అటువైపు శబ్దం తగ్గుతుంది. కాబట్టి కిటికీ, కంప్యూటరు ఫ్యాను వంటివి మైకు వెనుకవైపు ఉండేలా కూర్చోవాలి.

బయలు ప్రదేశంలో శబ్దానికి దూరం రెట్టింపయిన ప్రతిసారీ దాని స్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలోని ప్రతిధ్వని మాత్రం గది అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది. మైకును మీటరు దూరంనుండి జానెడు దూరానికి తెస్తే మాట పలు రెట్లు బలపడుతుంది, ప్రతిధ్వని మాత్రం పెరగదు. ఖర్చు లేకుండా శబ్దాన్ని మెరుగుపరచే ఉపాయాలలో ఇది మొదటిది. మాటకు జానెడు, గాత్రానికి జానెడు నుండి మూరెడు దూరం సాధారణంగా సరిపోతుంది. మరీ దగ్గరగా ఉంటే కార్డియాయిడ్ మైకులలో గొంతు బరువుగా, మందంగా వినిపిస్తుంది.

తెలుగు, సంస్కృత ఉచ్చారణలో ఖ, ఘ, థ, ధ, ఫ, భ వంటి మహాప్రాణాలు ఎక్కువ. వీటిని పలికేటప్పుడు వెలువడే ఊపిరి మైకుపై పడి దెబ్బలాంటి శబ్దం పుట్టిస్తుంది. మైకును నోటికి ఎదురుగా కాక కొద్దిగా పక్కకు ఉంచి, మధ్యలో పలుచని బట్ట వలయం లేదా స్పాంజి తొడుగు ఉపయోగిస్తే ఇది తగ్గుతుంది.

కంప్యూటరుకు కలిపే సాధనాలు

* కంప్యూటరులోని 3.5 మి.మీ. రంధ్రం: మొబైలు ఫోన్ల ఇయర్‌ఫోను పిన్నుపై మూడు నల్లని గీతలు, సాధారణ మైకు పిన్నుపై ఒకటి లేదా రెండు గీతలు ఉంటాయి. రంధ్రానికి తగని పిన్ను పెడితే మైకు పనిచేయదు. చాలాసార్లు మైకు చెడిపోయిందని భావించడానికి కారణం ఇదే. ఈ మార్గంలో కంప్యూటరు లోపలి విద్యుత్ రొద కూడా కొంత కలుస్తుంది.
* యు.ఎస్.బి. సౌండ్ కార్డు: వేలెడంత ఉండే ఈ చిన్న సాధనం ఆ రొదను చాలావరకు తప్పిస్తుంది. కాలరు మైకు వాడేవారికి చవకైన మెరుగుదల.
* ఆడియో ఇంటర్‌ఫేసు: ఒకటి లేదా రెండు ఎక్స్.ఎల్.ఆర్. మైకులను తగిలించుకొనే రంధ్రాలు, ఫాంటమ్ పవర్, హెడ్‌ఫోను రంధ్రం ఉంటాయి. గాత్రం, వాద్యం రెండూ ఉన్నవారికి తగినది.
* మిక్సరు: ఎక్కువ మైకుల శబ్దాన్ని కలపడానికి వాడతారు. యు.ఎస్.బి. సదుపాయం ఉన్న మిక్సర్లు అనేకం కలిపిన శబ్దాన్ని మాత్రమే కంప్యూటరుకు పంపుతాయి. ప్రసారం తరువాత గాత్రాన్ని, మృదంగాన్ని విడివిడిగా సరిదిద్దాలంటే అటువంటి మిక్సరు చాలదు.

ఎక్స్.ఎల్.ఆర్. తీగలో ఒకే సంకేతం రెండు తీగలలో వ్యతిరేక ధ్రువతలతో ప్రయాణిస్తుంది. దారిలో చేరిన రొద రెండింటిలో ఒకేలా ఉండడం వలన చివరకు రద్దవుతుంది. అందువలన ఈ తీగను పదుల మీటర్ల దూరం తీసుకువెళ్ళవచ్చు. యు.ఎస్.బి. 2.0 తీగకు మాత్రం 5 మీటర్ల పరిమితి ఉంది. పూజగది ఒకచోట, కంప్యూటరు మరొకచోట ఉన్న ఇళ్ళలో ఈ తేడా ముఖ్యం.

హెడ్‌ఫోను

కంప్యూటరు స్పీకరులోని శబ్దం తిరిగి మైకులో పడితే అవతలివారికి తమ మాటే ఆలస్యంగా వినిపిస్తుంది. మైకు కూత పెట్టడం కూడా జరగవచ్చు. దీనిని నివారించడానికి హెడ్‌ఫోను అవసరం. చెవిని పూర్తిగా కప్పే రకం మంచిది. బ్లూటూత్ హెడ్‌ఫోనులలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. పైగా వాటిలోని మైకును వాడినప్పుడు అనేక నమూనాలలో శబ్ద నాణ్యత టెలిఫోను స్థాయికి పడిపోతుంది. కనుక పాఠానికి, పాటకు తీగ ఉన్న హెడ్‌ఫోనునే వాడాలి.

సాఫ్ట్‌వేరు అమరికలు

ప్రత్యక్ష ప్రసారానికి ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరు విస్తృతంగా వాడుకలో ఉంది. దీని మొదటి రూపం 2012లో వెలువడింది. ఇందులోని శబ్ద సూచిక ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులలో ఉంటుంది. మామూలు మాట పసుపులోను, గట్టి మాట ఎరుపు ఆరంభంలోను ఉండేలా మైకు స్థాయిని అమర్చాలి. 0 డెసిబెల్స్‌ను తాకితే శబ్దం పగులుతుంది. పగిలిన శబ్దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం.

వీడియో సమావేశాల సాఫ్ట్‌వేర్లు తమంతట తాము చేసే సవరణలు సంగీత, వేద పాఠాలకు పెద్ద ఆటంకం. వీటిని సాధారణ సంభాషణ కోసం రూపొందించారు. ఒకే స్థాయిలో ఆగకుండా సాగే శబ్దాన్ని అవి ఫ్యాను చప్పుడుగా భావించి తొలగిస్తాయి. తంబూరా, శ్రుతిపెట్టె నాదం సరిగా అటువంటిదే. గురువు గదిలో శ్రుతి మోగుతున్నా శిష్యుడికి అది వినిపించకపోవడానికి, దీర్ఘంగా నిలిపిన స్వరం మధ్యలో తెగిపోవడానికి ఇదే కారణం. మైకు మార్చడం వలన ఈ లోపం పోదు. రొదను తొలగించే అమరికను, ప్రతిధ్వనిని అణచే అమరికను, స్థాయిని తనంతట తాను మార్చే అమరికను నిలిపివేయాలి. జూమ్ సాఫ్ట్‌వేరులో సంగీతకారుల కోసం అసలు శబ్దాన్ని ఉన్నదున్నట్లు పంపే అమరిక ఉంది. ఈ అమరికలు నిలిపినప్పుడు రెండువైపులా హెడ్‌ఫోనులు తప్పనిసరి.

శబ్దపు అంకెల వేగం పరికరంలోను, కంప్యూటరులోను, ప్రసార సాఫ్ట్‌వేరులోను ఒకేలా ఉండాలి. 48 కిలోహెర్ట్జ్ లేదా 44.1 కిలోహెర్ట్జ్‌లలో ఏదైనా ఒకటి అంతటా ఎంచుకోవాలి. యూట్యూబ్ స్టీరియో శబ్దానికి సెకనుకు 128 కిలోబిట్ల ఏఏసీ పద్ధతిని సూచిస్తుంది.

ఉపయోగాన్ని బట్టి ఎంపిక

వేదపాఠం

వేదపఠనంలో ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే స్వరభేదాలు ముఖ్యం. శిష్యుడు పుస్తకాన్ని చూసి కాక గురుముఖతః విని నేర్చుకొంటాడు కనుక మైకులో పోయినది శిష్యుడి ఉచ్చారణలోనే పోతుంది. శ, ష, స ల మధ్య తేడాను తెలిపే శబ్దభాగం ఎక్కువగా 3, 4 వేల హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. పాత పద్ధతి టెలిఫోను మార్గం సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకే శబ్దాన్ని పంపుతుంది. అందువలన ఫోను కాల్ ద్వారా గాని, బ్లూటూత్ మైకు ద్వారా గాని ఈ అక్షరాల భేదం నేర్పడం కష్టం. స్టాండుపై జానెడు దూరంలో ఉంచిన డైనమిక్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేసు, తీగ హెడ్‌ఫోను కలిసి ఈ పాఠానికి సరిపోతాయి.

దూరం వలన కలిగే ఆలస్యాన్ని ఏ పరికరమూ తొలగించలేదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 13 వేల కిలోమీటర్ల దూరంలోని అమెరికా తూర్పుతీరానికి వెళ్ళి రావడానికే 130 మిల్లీసెకన్లు పడుతుంది. సాఫ్ట్‌వేరు తీసుకొనే సమయం దీనికి అదనం. కనుక గురుశిష్యులు ఒకేసారి కలిసి పలకడం కుదరదు. అయితే గురువు ఒకసారి చెప్పగా శిష్యుడు రెండుసార్లు తిరిగి చెప్పే సంథ పద్ధతికి ఈ ఆలస్యం అడ్డురాదు.

సంగీత పాఠం, కచేరీ

గాత్రానికి ఒక మైకు, వాద్యానికి ఒక మైకు ఉండాలి. శ్రుతిపెట్టెను గాత్రం మైకుకు మరీ దగ్గరగా ఉంచరాదు. వీణకు నిశ్శబ్దమైన గదిలో కండెన్సరు మైకు, మృదంగానికి డైనమిక్ మైకు అనుకూలం. సన్నాయి, డోలు వంటి పెద్ద శబ్దం గల వాద్యాలకు మైకును రెండు మూడు మీటర్ల దూరంలో ఉంచి, స్థాయిని బాగా తగ్గించాలి. తాళం కలిసి వేయవలసిన పాఠంలో శిష్యుడు తనవద్దనే తాళం వేసుకోవాలి.

వ్రతాలు, పెళ్ళిళ్ళు, శుభకార్యాలు

విదేశాలలో ఉన్న బంధువుల కోసం ఇంటి శుభకార్యాలను ప్రసారం చేయడం సాధారణమయింది. పురోహితుడికి కాలరు మైకు, దంపతుల దగ్గర మరొక మైకు ఉంటే మంత్రం, సంకల్పం, ఇంటివారి మాటలు వినిపిస్తాయి. కెమెరాలోని మైకుపై ఆధారపడితే వంటింటి సందడి, బాజాల మోత మాత్రమే మిగులుతాయి. ఇంటిముందు మైకుసెట్టు కూడా ఉంటే దాని స్పీకరు వైపు ప్రసార మైకు వీపు ఉండేలా చూడాలి. మైకుసెట్టు యంత్రంనుండి నేరుగా తీగ తీసుకోవడం ఇంకా మంచిది. కాని ఆ సంకేతం బలమైనది గనుక దానిని మైకు రంధ్రంలో కాక లైన్ రంధ్రంలో తగిలించాలి.

విద్యుత్తు, తేమ

ఇళ్ళలో తరచుగా వినిపించే గుయ్‌మనే రొద 50 హెర్ట్జ్‌ల గృహవిద్యుత్తు వలన కలుగుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరును తీసివేయగానే రొద ఆగితే లోపం మైకులో కాక ఎర్తింగులో ఉన్నట్లు గుర్తించాలి. ఎర్తింగును సరిచేయించడం, అన్ని పరికరాలను ఒకే ప్లగ్గు పెట్టెకు కలపడం దీనికి పరిష్కారాలు. రొద తగ్గించడానికి ప్లగ్గులోని మూడవ పిన్నును విరవడం ప్రాణాపాయం. కరెంటు పోయినప్పుడు పనిచేసే ఇన్వర్టర్లలో చతురస్ర తరంగాన్ని ఇచ్చే రకం మైకులో బరబరమనే శబ్దం తెస్తుంది. సైన్ తరంగాన్ని ఇచ్చే రకంలో ఈ ఇబ్బంది తక్కువ.

కోనసీమ సముద్రతీర ప్రాంతం కావడం వలన గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. కండెన్సరు మైకు లోపలి పొరపై తేమ చేరితే చిటపటలు, బుసలు వినిపిస్తాయి. వాడకం అయిన తరువాత మైకును సిలికా జెల్ పొట్లాలతో సహా గాలి చొరబడని డబ్బాలో భద్రపరచాలి. తీగల చివర్లలో తుప్పు పడుతుంది కనుక అప్పుడప్పుడు పొడిబట్టతో తుడవాలి.

అంతర్జాలం, నకలు భద్రపరచడం

సెకనుకు 128 కిలోబిట్ల శబ్దం గంటకు సుమారు 58 మెగాబైట్లు మాత్రమే అవుతుంది. చిత్రానికి సెకనుకు వేల కిలోబిట్లు కావాలి. కాబట్టి అంతర్జాల వేగం పడిపోయినప్పుడు చిత్రపు నాణ్యతను తగ్గించి శబ్దాన్ని కాపాడుకోవచ్చు. వైఫై బదులు తీగ ద్వారా కంప్యూటరును మోడెముకు కలిపితే శబ్దం తెగిపోవడం తగ్గుతుంది.

2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో జరిగిన హింస తరువాత కోనసీమలో మొబైలు అంతర్జాల సేవలను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటినుండి పనిచేసే ఉద్యోగులు పొరుగు ప్రాంతాలకు వెళ్ళవలసి వచ్చింది. తుఫానుల సమయంలో కూడా విద్యుత్తు, అంతర్జాలం ఆగిపోవచ్చు. అందువలన ప్రసారంతోపాటు కంప్యూటరులో నకలు కూడా నమోదు చేసుకోవాలి. ఓబీఎస్‌లో రెండూ ఒకేసారి చేయవచ్చు. నకలును ఎంకేవీ రూపంలో భద్రపరిస్తే మధ్యలో కరెంటు పోయినా అప్పటివరకు నమోదైనది నిలుస్తుంది. సాధారణ ఎంపీ4 రూపంలో ఫైలు మొత్తం తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది. వృద్ధ గురువుల పాఠాల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఒకసారి పోయిన పాఠాన్ని వారితో తిరిగి చెప్పించుకొనే అవకాశం అన్నివేళలా ఉండదు.

కొనుగోలు వరుస

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టేవారు ఈ క్రింది వరుసను అనుసరించవచ్చు.

# గదిని ఎన్నుకొని, ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలతో ప్రతిధ్వనిని తగ్గించడం.
# తీగ ఉన్న హెడ్‌ఫోను.
# కాలరు మైకు, చిన్న యు.ఎస్.బి. సౌండ్ కార్డు. చాలామందికి ఇంతవరకు సరిపోతుంది.
# డైనమిక్ మైకు, స్టాండు, రెండు మైకులు తగిలించగల ఆడియో ఇంటర్‌ఫేసు.
# గది నిశ్శబ్దంగా ఉండి, వాద్యం ప్రధానమైనప్పుడు మాత్రమే కండెన్సరు మైకు.

ప్రసారానికి ముందు పరీక్ష

ప్రసారం మొదలుకావడానికి ముందు ఐదు నిమిషాల నమోదు చేసి వినాలి. అందులో మొదటి అరనిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే గదిలోని రొద ఎంతో తెలుస్తుంది. తరువాత మామూలు మాట, గట్టి మాట, శ, ష, స లు, మహాప్రాణాలు గల పదాలు, శ్రుతితో నిలిపిన ఒక దీర్ఘస్వరం వరుసగా పలకాలి. ఈ నమోదును హెడ్‌ఫోనులోను, మొబైలు ఫోను స్పీకరులోను వినాలి, ఎందుకంటే శ్రోతలు అనేకులు ఫోనులోనే వింటారు. చివరగా మరొక ఊరిలో ఉన్న వ్యక్తిని విని చెప్పమనాలి. ప్రసారం చేసేవారు తమ గదిలో వినే శబ్దం, అవతలివారు వినే శబ్దం ఒకటి కావు.

ఇవి కూడా చూడండి

* మైక్రోఫోను
* కోనసీమ
* వేదపఠనం
* ఆకాశవాణి
* ప్రతిధ్వని